మూడో బటన్

అన్న చెవులకు మిషన్లు వచ్చాయని వదిన ఫోన్ చేసి చెప్పినప్పుడు మార్సీ డెల్వో చేయవలసిన పని ఒక్కటే, సంతోషించడం. అది కూడా ఆమెకు సరిగ్గా చేతకాలేదు.

"ఏమ్మా, లైన్లో ఉన్నావా?" అంది రోండా. "ఏడేళ్ళు పోరాను తల్లీ మీ అన్నతో. చివరికి నిన్న పెట్టించుకున్నాడు, రెండు చెవులకీ. కారెక్కి ఇండికేటర్ వేశాడా, చటుక్కున నా వైపు తిరిగి, ఇది టిక్కు టిక్కుమంటుందా అని అడిగాడు! నాకు నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు."

"అంత చిన్న చప్పుడు కూడా వినిపిస్తోందా వదినా?"

"చిన్నదేంటి, పిల్లి పాలు తాగుతుంటే వింటున్నాడు. గురువారం థాంక్స్‌గివింగ్ పండక్కి పెందరాళే వచ్చెయ్. టర్కీ కోడి పొయ్యిలో ఉండగానే మీ మ్యాచ్ అయిపోవాలట. ఈసారి దాన్ని వదలనని ఊగిపోతున్నాడు."

"వస్తాను," అంది మార్సీ. ఫోన్ పెట్టేసి తను నడిపే స్కూలు బస్సు మెట్టు మీద కూలబడింది. అన్నకు చెవులొస్తే చెల్లెలు వణకడం ఏ ఊళ్ళోనైనా ఉందా? అమెరికాలోని గ్రీన్ బేలో ఉంది. పాపం చేసినవాళ్ళకి శుభవార్తలు కూడా సమన్లలాగే వస్తాయి.

ఆమె చేసిన పాపం ఏమిటో చెప్పాలంటే ముందు డెల్వో వారింటి పద్ధతి చెప్పాలి.

కర్ట్‌కి పద్నాలుగు, మార్సీకి పదకొండు ఉన్నప్పుడు నాన్న లెరాయ్ క్రిస్మస్‌కి ఒక వీడియో గేమ్ పెట్టె కొన్నాడు. దాంతోపాటు ఒకే ఒక్క ఆట, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఆ ఊళ్ళో ఇంకో ఆట ఉన్నట్టు ఎవరూ ఒప్పుకోరు కాబట్టి రెండోది కొనలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఏ తగువూ మాటలతో తేలలేదు. మంచు ఎవరు తొయ్యాలి, ముందు సీట్లో ఎవరు కూర్చోవాలి, అమ్మ కారు శనివారం ఎవరిది, అంతా కింద నేలమాళిగలో ఆ ఆట మీదే తేలాలి. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ నెత్తిన ఒక్క మొట్టికాయ వేస్తారు. ఒక్కటంటే ఒక్కటే. మొట్టికాయ పడ్డాక ఆ తగువు చచ్చినట్టే, మళ్ళీ దాని ఊసెత్తకూడదు. ఇది నాన్న పెట్టిన చట్టం. దేశంలో ఉన్న చట్టాలకంటే ఇది బాగా నడిచింది.

ఆ ఆటలో బంతి కదిలే ముందు ప్రతిసారీ తెర మీద ఇద్దరి ఎదుటా మూడేసి డబ్బాలు పడతాయి. డబ్బాకో ఎత్తు. ఒకదానిలో బంతి చంకన పెట్టుకుని గుంపులోకి దూరడం, ఒకదానిలో పక్కగా పరుగెత్తడం, మూడోదానిలో దూరంగా విసరడం. చేతిలోని కంట్రోలర్ మీద ఎ, బి, సి అని మూడు బటన్లు. ఏది నొక్కితే ఆ డబ్బాలోని ఎత్తు. తెర ఒక్కటే కాబట్టి ఎదుటివాడి డబ్బాలు మనకీ కనిపిస్తాయి, వాడు ఏది నొక్కాడన్నదే తెలియకూడదు. తెలిసిందా, ఇక ఆటేముంది, వాడి కాళ్ళు కట్టేసి పరుగుపందెం పెట్టినట్టే. అందుకని బటన్ నొక్కేముందు చేతి మీద వంటింటి తువ్వాలు కప్పుకోవాలి. అవతలివాళ్ళ బొటనవేలి వంక చూసినవాళ్ళు దొంగలు. అలా చూసిన మేనమామ ఒకాయన మూడేళ్ళు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

కళ్ళ గురించి చట్టం ఉంది. చెవుల గురించి లేదు. మార్సీ ఎనిమిదేళ్ళుగా ఈ సందులోంచే దూరి వస్తోంది.

కర్ట్ పంతొమ్మిదో ఏట కాగితం మిల్లులో చేరాడు. రోజుకు ఎనిమిది గంటలు ఆ యంత్రాల హోరు పక్కన నిలబడితే మనిషి చెవులు ఒక్కసారిగా పోవు, కంతులవారీగా పోతాయి. ముందు పిచికల అరుపు పోయింది. తర్వాత గడియారం, తర్వాత గుసగుసలు, తర్వాత పిల్లల మాటలు. చెవుల్లో దూది పెట్టుకోమని మిల్లువాళ్ళు చెప్పేవారు, మగతనం అడ్డొచ్చి పెట్టుకోలేదు. నలభై వచ్చేసరికి ఎవరేమన్నా నవ్వి తలాడించడం నేర్చుకున్నాడు.

మార్సీ సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇరవై ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. చివరి వరసలో ఎవడైనా చాక్లెట్ కాగితం విప్పినా వీపుతో విని, "టైలర్, అది లోపల పెట్టు," అనగలదు.

ఎనిమిదేళ్ళ క్రితం నాన్న నేలమాళిగ సర్దుతూ కర్ట్ కంట్రోలర్‌ని సిమెంటు నేల మీద పడేశాడు. ఒక పక్క పగిలితే ఎర్ర టేపు చుట్టి, బాగానే ఉందిపో అన్నాడు. ఆ ఏడు థాంక్స్‌గివింగ్‌కి అన్నాచెల్లెళ్ళు ఆడటానికి కూర్చున్నారు. అన్న చేతి మీద తువ్వాలు. కాసేపటికి మార్సీకి ఒక చప్పుడు వినిపించింది. టిక్. గోరుతో గాజు మీద కొట్టినట్టు. కర్ట్ బంతిని దూరంగా విసిరాడు. మళ్ళీ కాసేపటికి టిక్, మళ్ళీ మూడో డబ్బా. ఎ నొక్కినా బి నొక్కినా కంట్రోలర్ నోరెత్తదు. సి నొక్కితే మాత్రం టిక్కుమంటుంది. అన్న ముఖం చూసింది. అతనికి ఏమీ తెలియదు.

చెబుదామనే అనుకుంది. ఈ ఒక్కసారి అయ్యాక చెబుదామనుకుంది. ఆ రోజు ఓడినవాళ్ళు అంట్లు తోమాలి. తొమ్మిదిమంది తిన్న అంట్లు, మాడిన టర్కీ పళ్ళెంతో సహా. తరవాతి ఏడు అమ్మ సమాధి దగ్గర గడ్డి కొయ్యడం. చెప్పకుండా గడిచిన ప్రతి ఏడూ చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది. అయినా చిన్న చిన్న పందేలేగా, ఎవరి కొంప మునిగిందని సర్దిచెప్పుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడట్లేదని దాని నమ్మకం. మార్సీ కళ్ళు తెరుచుకునే తాగింది, అంతే తేడా.

కొంప మునిగేది కిందటి మార్చిలో వచ్చింది.

ఫిబ్రవరిలో నాన్న పోయాడు. అలమారలో ఒక ఉత్తరం దొరికింది. ఇల్లు, పడవ, వేట తుపాకులు అన్నీ సగం సగం రాసేశాడు. ఒక్కదాన్ని మాత్రం సగం చేయలేకపోయాడు. స్టేడియంలో అతని సీటు. నలభై ఏడేళ్ళుగా అతని పేరున ఉన్న ఒకే ఒక్క సీటు, ఉత్తరం వైపు, ముప్పై రెండో వరసలో, అల్యూమినియం బల్ల మీద పదిహేడో నంబరు. ఆ ఊళ్ళో సీటు కావాలని పేరు రాయించుకున్నవాళ్ళు ముప్పై ఏళ్ళు కాచుకుంటారు. పుట్టిన బిడ్డకి పేరు పెట్టిన రోజే ఆ వరసలో పేరు రాయించేవాళ్ళూ ఉన్నారు. కాగితాల్లో ఒక్క పేరే ఉండాలి. "ఎవరికని రాయను?" అని రాశాడు లెరాయ్. "ఇద్దరిలో ఎవరికి రాసినా రెండోవాళ్ళు నా సమాధికి పువ్వులు తేరు. మీరెప్పుడూ తేల్చుకునేట్టే తేల్చుకోండి. ఇద్దరూ పంచుకోవద్దు, పంచుకున్న కుక్క రెండిళ్ళలోనూ పస్తే."

అలా ఒక ఆదివారం మధ్యాహ్నం, నాన్న ఇంటి నుంచి ఆట పెట్టెను తెచ్చిపెట్టిన కర్ట్ ఇంటి నేలమాళిగలో సీటు కోసం మ్యాచ్ జరిగింది. మార్సీ ఆ రోజు చెప్పి ఉండాల్సింది. ఒరేయ్ అన్నయ్యా, ఆ కంట్రోలర్ మార్చు అంటే సరిపోయేది. అంతకంటే తేలిక మాట తెలుగులోనూ లేదు, వాళ్ళ భాషలోనూ లేదు. కానీ ఆమె లోపల ఒక పాత కుట్టు కదిలింది. చిన్నప్పుడు నాన్న ఏడాదికి మూడు మ్యాచ్‌లకి తన టికెట్టు కర్ట్‌కి ఇచ్చేవాడు. మార్సీకి ఒకటే ఇచ్చేవాడు, అదీ సెప్టెంబరులో, ఎండ ఉన్నప్పుడు. చలికి ఆడపిల్ల తట్టుకోలేదట. డిసెంబరు మంచులో ఒక్క మ్యాచ్ అయినా ఆ బల్ల మీద కూర్చుని చూడాలని ఆమె పన్నెండో ఏట నుంచి అనుకుంటోంది. ఈ లెక్కన నాన్న బాకీ ఉన్నాడని, ఆ బాకీని అన్న చెవిటితనంలోంచి వసూలు చేసుకోవచ్చని మనసు ఒక తీర్పు రాసుకుంది. మనసు రాసే తీర్పులన్నీ అలాగే ఉంటాయి, వాది ప్రతివాది జడ్జి అంతా తానే.

టిక్కుమన్నప్పుడల్లా మార్సీ తన ఆటగాళ్ళని వెనక్కి పంపి కాచుకుంది. కర్ట్ విసిరిన బంతులు నాలుగు ఆమె చేతుల్లో పడ్డాయి. ఆమెకి ఇరవై ఎనిమిది, అతనికి పది.

"నా బుర్రలోకి దూరి చూస్తావేంటే దెయ్యమా!" అని నవ్వాడు కర్ట్. నవ్వుతూనే తల వంచాడు. మార్సీ మెల్లిగా మొట్టికాయ వేసింది. "ఇంకొంచెం గట్టిగా వెయ్యవే, సీటు మరి!" అన్నాడు. ఆ రోజే సంతకాలు చేసిచ్చాడు. నాన్న కూర్చునే పాత దిండు కూడా తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "బల్ల మంచులా ఉంటుంది. ఇది లేకపోతే నీ పని అయిపోతుంది."

శరదృతువులో ఐదు మ్యాచ్‌లు చూసింది మార్సీ, ఆ దిండు మీదే కూర్చుని. పక్క సీటు ముసలాయన మొదటిరోజే ఆమెను ఎగాదిగా చూసి, "లెరాయ్ కూతురివా? మరి కొడుకేడీ? ఆ పెద్దగా అరిచేవాడు?" అని అడిగాడు. "సీటు నేను గెలుచుకున్నాను," అంది. ఆ మాట నోట్లో సబ్బుముక్కలా తగిలింది.

అక్టోబరులో ఒకరోజు బంగాళాదుంపలు తరుగుతూ రోండా మామూలుగా అంది. "మీ అన్న పైకి అనడు గానీ, ఆదివారం వస్తే గరాజులోకి వెళ్ళి ఊరికే కూర్చుంటున్నాడు. ఇంట్లో టీవీ పెడితే వ్యాఖ్యానం వినపడదు, చిరాకు. ఒకసారి నాతో అన్నాడులే. స్టేడియంలో ఎనభై వేలమంది అరుస్తుంటే పక్కవాడి మాట ఎవడికీ వినపడదట. అందరూ సైగలే చేసుకుంటారట. నేను చెవిటివాణ్ణని గుర్తురాని చోటు అదొక్కటేనే, అన్నాడు."

మార్సీ తరువాతి ఆదివారం టికెట్టు పట్టుకుని అన్న ఇంటికి పరుగెత్తింది. నాకు నడుం పట్టేసింది, నువ్వు వెళ్ళిరా అంది. కర్ట్ ఆమె పెదవులు చూస్తూ విని, తల అడ్డంగా ఊపాడు. "ఓడిపోయింది వాడుకోకూడదే. మొట్టికాయ పడింది కదా. నాన్న చూస్తుంటాడు." వేడినీళ్ళ సంచీ ఇచ్చి, కారులో కూర్చోబెట్టి, స్టేడియం గేటు దాకా తనే దింపి వచ్చాడు. ఆ రోజు మ్యాచ్ ఎవరు గెలిచారో మార్సీకి గుర్తులేదు.

నిజం చెబితే తప్ప ఆ సీటు అన్నకు తిరిగి చేరదని అప్పుడే అర్థమైంది. అర్థమైన పని చేసేస్తే ఇంక కథేముంది. ఆమె చేయలేదు. ఇప్పుడు అన్నకు చెవులొచ్చాయి.

బుధవారం మార్సీ పాత సామాన్ల దుకాణానికి వెళ్ళి అచ్చం అలాంటి కంట్రోలరే ఒకటి కొంది. ఎర్ర టేపు కూడా కొంది. అన్న చూడకుండా పాతది తీసి కొత్తది పెట్టేస్తే టిక్కు ఉండదు, టిక్కు లేకపోతే తప్పు లేదు. దొంగతనం దాచడానికి ఇంకో దొంగతనం. సిగ్గు వేసింది. సిగ్గు పడుతూనే టేపు చుట్టింది.

గురువారం పదింటికి కర్ట్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. నారింజరంగు వేట చొక్కా ఇంకా విప్పలేదు. చెవుల వెనక గింజంత మిషన్లు రెండు.

"ఏమే, నీ బూట్లు కిర్రుమంటున్నాయి!" అన్నాడు, లాటరీ తగిలినవాడిలా.

"ఇరవై ఏళ్ళ నుంచి కిర్రుమంటూనే ఉన్నాయిరా అన్నయ్యా."

"పొద్దున దుప్పి కోసం చెట్టెక్కి కూర్చున్నానా, వెనకాల ఆకులు గలగలమన్నాయి. ఇంత చప్పుడంటే ఎంత కొమ్ముల దుప్పో అనుకుని తుపాకీ ఎత్తి తిరిగితే ఏముంది, ఉడత! ఉడత అంత చప్పుడు చేస్తుందని నాకెవరూ చెప్పలేదేం?" పెద్దగా నవ్వాడు, వెంటనే చెవి మూసుకున్నాడు. "అబ్బ, నా నవ్వు ఇంత గట్టిగా ఉంటుందా? ఇన్నేళ్ళు ఎలా భరించారే?"

"భరించలేదు," అంది రోండా వంటింట్లోంచి. "ముందా చొక్కా విప్పు, పాత నెత్తురు వాసన."

అతను బట్టలు మార్చుకోవడానికి మేడమీదికి వెళ్ళాడు. మార్సీ కోటు విప్పకుండానే కిందకి దిగింది. నేలమాళిగ ఎప్పట్లాగే ఉంది. పాత సోఫా, మూలన టీవీ, ముందు బల్ల మీద మడతపెట్టిన తువ్వాళ్ళు రెండు. రెండు కంట్రోలర్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఎర్ర టేపుది. ఆమె దాన్ని అందుకుంది. రెండో చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది.

అక్కడ ఎందుకాగిందో ఆమెకే తెలియదు. అది ఇంకా టిక్కుమంటుందో లేదో చూద్దామనిపించింది. దానంతట అదే బాగుపడి ఉంటే బాగుండునని పిచ్చి ఆశ కావచ్చు. బొటనవేలితో సి నొక్కింది.

టిక్.

"అదేంటే?" అన్న గొంతు మెట్ల మీదనుంచి.

మార్సీ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. కర్ట్ మెట్లు దిగి వచ్చాడు, కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ టిక్కు ఏంటి? ఇదా? ఇటియ్యి, ఇటియ్యి." ఆమె చేతిలోంచి కంట్రోలర్ లాక్కున్నాడు. ఎ నొక్కాడు. ఏమీ లేదు. బి నొక్కాడు. ఏమీ లేదు. సి నొక్కాడు. టిక్. మళ్ళీ నొక్కాడు. టిక్ టిక్ టిక్. "ఓర్నీ, నువ్వూ మాట్లాడతావురా!" అన్నాడు దానితో. పొద్దుటి నుంచి పోగుచేసుకున్న చప్పుళ్ళలో ఇంకొకటి చేరినందుకు పసిపిల్లాడిలా నవ్వాడు.

మళ్ళీ నొక్కబోయిన బొటనవేలు మధ్యలో ఆగింది.

మార్సీ ఆ వేలినే చూస్తోంది. చూడకూడని వేలు. అన్న ముఖం వంక చూసే ధైర్యం లేదు. చూసేసరికి నవ్వు ఇంకా పెదవుల మీద ఉంది గాని కళ్ళలో లేదు.

"ఎప్పట్నుంచే ఇది?"

ఇప్పుడే పాడైనట్టుందిరా అనే మాట ఆమె నాలుక చివర తయారుగా ఉంది. ఆ ఒక్క మాటతో బయటపడేది. అతను నమ్మేవాడు కూడా. ఎనిమిదేళ్ళు నమ్మినవాడికి ఇంకొకటి నమ్మడం కష్టమా.

"నాన్న టేపు వేసినప్పటి నుంచి," అంది మార్సీ.

"నీకు వినపడేదా?"

"ఊఁ."

"సీటు ఆడిన రోజు?"

"వినపడింది."

కర్ట్ సోఫాలో కూర్చున్నాడు. పైన రోండా పొయ్యి తలుపు తెరిచిన చప్పుడుకి ఒకసారి తల పైకెత్తాడు, మళ్ళీ దించాడు. తిడితే బాగుండును, కంట్రోలర్ గోడకేసి కొడితే బాగుండును అనిపించింది మార్సీకి. ఆమె జేబులోంచి రెండో కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టింది. కొత్త ఎర్ర టేపు తళతళలాడుతోంది. "నీకు తెలియకుండా మార్చేద్దామని తెచ్చాను," అంది. చెప్పకపోయినా నడిచిపోయేది, కానీ ఇంక ఒక్కటి కూడా కడుపులో ఉంచుకోలేకపోయింది.

కర్ట్ దాని వంక చూశాడు, ముట్టుకోలేదు. తువ్వాలు తీసి తన చేతి మీద కప్పుకున్నాడు.

"చెప్పు," అన్నాడు.

"ఏంటిరా?"

"నొక్కుతాను. ఏదో చెప్పు."

టిక్. "సి," అంది మార్సీ. అతను తువ్వాలు ఎత్తి చూపించాడు, వేలు సి మీదే ఉంది. మళ్ళీ కప్పాడు. ఈసారి నిశ్శబ్దం. "సి కాదు." తువ్వాలు ఎత్తాడు. బి మీద ఉంది. మళ్ళీ. "సి కాదు." మళ్ళీ టిక్. "సి," అంటూ ఆమె తువ్వాలు అంచు పట్టుకుంది. "చాలురా అన్నయ్యా."

"ఇంత తేలికా," అన్నాడు కర్ట్ తనలో తాను. "నేను నీకు తెలివి ఎక్కువనుకున్నానే. రోండాతో కూడా అనేవాణ్ణి, మా చెల్లి నా మనసు చదివేస్తుంది, ఎంతైనా ఒక్క కడుపున పుట్టాం కదా అని."

ఆ మాట మార్సీకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "సీటు నీదేరా. సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి పేరు మార్పిస్తాను. వెనక్కి తీసుకో."

"ఊరికే ఇస్తే తీసుకుంటానా? ఆడి తేల్చుకోమన్నాడు నాన్న. ఆడదాం." టిక్కుమనే పాత కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టి, ఎప్పుడూ ఆమె ఆడేది తను తీసుకున్నాడు. "ఇది నువ్వు పట్టుకో."

న్యాయమే అనుకుంది మార్సీ. ఇప్పుడు తన సి అతనికి వినపడుతుంది. ఎనిమిదేళ్ళు తిన్నది ఒక్కసారి కక్కాలి. కక్కేస్తే కొంత తేలికపడుతుంది కూడా.

కర్ట్ కుడి చెవి వెనక చెయ్యి పెట్టి మిషన్ తీశాడు. ఎడమది కూడా తీశాడు. రెండింటినీ తీసుకెళ్ళి బల్ల మీద ఉన్న రెండో తువ్వాలు పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

"ఒరేయ్, ఉంచుకో! నీకు వినపడాలి కదా!" అంది మార్సీ. అతనికి ఆమె పెదవులు మాత్రమే కనిపించాయి, అది చాలింది.

"నేను కూడా వింటే, నీకూ నాకూ తేడా ఏముందే?" అన్నాడు, ఎప్పట్లా మరీ పెద్ద గొంతుతో. ఆట మొదలుపెట్టాడు.

ఓడిపోదామనుకుంది మార్సీ. మొదటి రెండు నిమిషాలు చేతులు వదిలేసి ఆడింది. కర్ట్ ఆట ఆపి ఒక్క చూపు చూశాడు. అదీ మోసమేనని ఆ చూపుతో ఆమెకు అర్థమైంది. అప్పటి నుంచి నిజంగా ఆడింది, ఎనిమిదేళ్ళలో మొదటిసారి అన్న ఏమి ఎంచుకున్నాడో తెలియకుండా. ఆమె సి నొక్కినప్పుడల్లా టిక్కుమంది. తనకి మాత్రమే వినిపించింది. నొక్కిన ప్రతిసారీ వీపు మీద ఒక దెబ్బ పడినట్టు తగిలింది.

చివరికి కర్ట్‌కి ఇరవై ఒకటి, ఆమెకి పదిహేడు. పదకొండు సెకన్లు ఉన్నాయి. బంతి ఆమెది, దాటితే గెలిచే గీత ఆరు గజాల దూరంలో. ఇదే ఆఖరి అవకాశం. మూడో డబ్బాలో మూలకి విసిరే ఎత్తు ఉంది, అదే సరైనది. తువ్వాలు కింద వేలు సి మీదకి వెళ్ళింది. డిసెంబరు మంచు, నాన్న దిండు, అల్యూమినియం బల్ల అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నొక్కింది.

టిక్.

బంతి మూలకి లేచింది. కర్ట్ ఆటగాడు అక్కడ ముందే ఉన్నాడు. విని కాదు, ఊహించి. బంతి కింద పడింది. గడియారం సున్నా అయింది.

పైనుంచి టర్కీ వాసన వస్తోంది. కర్ట్ అరవలేదు, చేతులెత్తలేదు. కంట్రోలర్ బల్ల మీద పెట్టి, తువ్వాలు నాలుగు మడతలు పెట్టాడు. మార్సీ సోఫా అంచుకి జరిగి తల వంచింది. జుట్టు ముఖం మీద పడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. గట్టిగా వెయ్యాలి, నెత్తి బొప్పి కట్టేలా వెయ్యాలి, అప్పుడు ఇది చచ్చిపోతుంది, మళ్ళీ ఎవరూ దీని ఊసెత్తరు అనుకుంటూ ఎదురుచూసింది.

సోఫా బరువు తగ్గింది. అడుగులు మెట్ల వైపు వెళ్ళాయి.

"అన్నయ్యా," అంది మార్సీ తలెత్తకుండానే. "మొట్టికాయ వెయ్యరా. అన్నయ్యా, వేసి వెళ్ళరా."

అడుగులు ఆగలేదు. మిషన్లు రెండూ బల్ల మీదే ఉన్నాయి.